ఆఖరి పేరు పిలిచేదాకా

లోయిస్ తడి జుట్టును పాయలుగా విడదీసి క్లిప్పులు పెడుతూనే రోండా ఒక కన్ను ఫోను మీద వేసి ఉంచింది. దువ్వెనలు నానే నీలంరంగు మందునీళ్ల జాడీకి ఆనించిన ఆ ఫోనులో నాలుగు గడుల్లో నాలుగు ముఖాలు కదులుతున్నాయి. ఎల్లుండి, శుక్రవారం సాయంత్రం, ఒమాహాలో ఆనర్ సొసైటీ రాష్ట్ర మహాసభ. నెబ్రాస్కాలోని రెండేళ్ల కాలేజీల్లో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థుల సంఘం అది. కాలేజీకో శాఖ. సభ ఏర్పాట్లన్నీ చూసేది విద్యార్థులే, జీతం భత్యం లేకుండా. నలభై ఏడేళ్ల రోండా ఈ ఏడు దానికి ఉపాధ్యక్షురాలు. ఏ గంటకి ఏం జరగాలో వేయడం, సభ మొదట్లో శాఖల పేర్లు పిలవడం ఆమె పని.

"కేకా, ఐస్‌క్రీమా? అది తేల్చండి ముందు," అన్నాడు కోల్బీ. అతను అధ్యక్షుడు. ఇరవై ఏళ్లు. మంచం మీదే గిన్నె పెట్టుకుని ఏదో తింటున్నాడు.

"హోటలువాళ్లు ఎప్పుడో తేల్చారు. కేకే," అంది కార్యదర్శి టెస్సా.

"అధ్యక్షుణ్ణి అడగరా ఎవరూ?"

"అడిగితే ఇలా మంచంలో ఉంటావు."

మూడో గడిలో ఉన్న వాసెక్ మేడమ్ గొంతు సవరించుకుంది. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైంది. సంఘానికి పెద్దదిక్కు. "రెడ్ విల్లో శాఖ నుంచి హోదన్ ఏదో అడగాలట. అమ్మాయి పనిలోంచి మాట్లాడుతోంది. త్వరగా కానివ్వండి."

నాలుగో గడిలో ఒక కారు లోపల కూర్చున్న అమ్మాయి. తలకి నల్లటి గుడ్డ చుట్టుకుంది. దాని అంచు కింద నుదుటి మీద హెల్మెట్ నొక్కిన గీత ఎర్రగా కనిపిస్తోంది. వెనక మాంసం ఫ్యాక్టరీ గోడ.

"మా షిఫ్టు రెండున్నరకి అయిపోతుందండి. కత్తులు కడిగి అప్పజెప్పి, బూట్లు విప్పి బయటపడేసరికి మూడు. అక్కణ్ణించి ఒమాహా మూడున్నర గంటలు. పేర్లు పిలిచేది అయిదింటికి కదా. మా శాఖ అన్నిటికన్నా కొత్తది, మా పేరు ఆఖర్నే వస్తుంది. అయినా అందుకోలేం. ఈసారి భోజనాలయ్యాక పిలుస్తారేమోనని అడుగుతున్నా."

"పేరు పలక్కుండా ఎవరూ తినరు మన దగ్గర," అన్నాడు కోల్బీ గిన్నె పక్కన పెట్టి. "మొదట్నుంచీ అంతే. ఒక్కరోజు సెలవు పెట్టకూడదూ?"

"ఏడుగురం ఒకే లైన్లో నిలబడతాం. ఇద్దరికైతే ఇస్తామన్నారు. ముగ్గురు లేకపోతే శాఖ పలికినట్టు కాదుగా."

"మేడమ్, పిలుపు వెనక్కి జరపొచ్చా?" టెస్సా అడిగింది.

"సభ పిలుపుతోనే మొదలవ్వాలని రూలు. మార్చాలంటే సభ ఓటెయ్యాలి."

"సభ ఎప్పుడు ఓటేస్తుంది?"

"పిలుపు అయ్యాక. అప్పటిదాకా అది సభ కాదు."

టెస్సాకి నవ్వాగలేదు. "నవ్వకు," అంది మేడమ్. "అది నేను రాయలేదు."

హోదన్ నవ్వలేదు. పలకని శాఖ పేరున్న పలకను బల్ల మీద బోర్లా పెడతారు. ఇక ఆ సభ ముగిసేదాకా ఆ శాఖకి ఓటు లేదు. ఆ శాఖవాళ్లు ఏ పదవికీ నిలబడకూడదు. వచ్చే ఏడాది అధ్యక్ష పదవికి నిలబడింది ఇద్దరే, హోదన్, రోండా. అధ్యక్షులైనవాళ్లకి రాష్ట్ర విశ్వవిద్యాలయం రెండేళ్లు ఫీజు లేకుండా సీటిస్తుంది.

"రోండా, ప్రోగ్రాం నీది కదా. నువ్వేమంటావు?" అన్నాడు కోల్బీ.

రోండా కత్తెరని ఏప్రాన్‌కి తుడిచింది. తుడవడానికి దానికేమీ అంటలేదు. "మేడమ్ చెప్పాక నేనేం చెప్తాను," అంది.

"సరేనండి. థాంక్స్," అంది హోదన్. ఆమె గడి నల్లగా అయిపోయింది.

ఫోను కట్టేసి రోండా మళ్లీ కత్తెర ఆడించింది. లోయిస్ అద్దంలోంచి చూస్తోంది. ఎనభై దాటిన ఆవిడకి ప్రతి బుధవారం జుట్టు దిద్దించుకోవడం ఒక పని, ఊరి కబుర్లు చేరవేయడం రెండో పని.

"ఆ పిల్లేనా నీ మీద నిలబడింది?"

"ఊఁ."

"అయితే నువ్వు గెలిచినట్టేగా. పిల్లకాయలకి అక్షరాలు దిద్దించే టీచరమ్మవి అయిపోయినట్టే."

"అలాగే ఉంది."

"మరి నా చెవెందుకు కత్తిరించబోయావు?"

రోండా చూసుకుంది. కత్తెర మొన నిజంగానే చెవి తమ్మె మీద ఆని ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని, "కదలకు మరి," అని లోయిస్‌నే కసిరింది.

*

గురువారం మధ్యాహ్నానికే షాపు మూసి రోండా ఒమాహా చేరింది. హోటల్లో పెద్ద హాలు ఇచ్చారు. గుండ్రటి బల్లలు, తెల్ల గుడ్డలు. కొత్త సభ్యుల ప్రమాణానికి కొవ్వొత్తులు కావాలి. హోటల్లో మంట వెలిగించనివ్వరు కాబట్టి బ్యాటరీ కొవ్వొత్తులు తెచ్చారు. కోల్బీ నేల మీద కూర్చుని ఒక్కొక్కటే వెలిగించి చూస్తున్నాడు.

"ఇది చచ్చింది. ఇది బతికింది. ఇది ఆలోచిస్తోంది," అంటున్నాడు.

"నోరు కాకుండా చేతులు ఆడించు," అంది టెస్సా.

వాసెక్ మేడమ్ కారులోంచి చెక్క పలకలు మోసుకొచ్చి గోడకి చేరేసింది. శాఖకొకటి. కర్రకి బిగించిన పలక మీద రంగుతో కాలేజీ పేరు. రోండా ఒక్కొక్కదాన్నే తడిగుడ్డతో తుడిచి బల్లల మధ్య స్టాండుల్లో నిలబెడుతోంది. పాత శాఖల పలకలకి పట్టుకునేచోట కర్ర నల్లబడి నున్నగా అయిపోయింది. ఎన్ని చేతులు పైకెత్తాయో. బ్లఫ్ రోడ్ శాఖ కర్ర అయితే వేళ్ల జాడలో సన్నబడింది కూడా. అది కోల్బీ వాళ్లది.

ఆఖరికి రెడ్ విల్లో పలక చేతికొచ్చింది. కర్ర కొత్తదానిలాగే ఉంది. వార్నిష్ మెరుస్తోంది. కానీ ముఖం మీద రంగు గీరుకుపోయింది. అక్షరాలు అక్కడక్కడా లేచిపోయాయి. ఒక మూల కూరరసం మరక ఎండి ఉంది. రోండా మరక మీద గుడ్డ అదిమి రుద్దింది. కొంచెం పోయింది, కొంచెం పోలేదు. పలక తిప్పి చూసింది. వెనక వైపు గీత లేదు, మచ్చ లేదు.

"అయ్యో, ఇదేంటి ఇలా పాడైంది? రంగు పూసేద్దామా?" కోల్బీ తల ఎత్తి అడిగాడు.

"మేడమ్, ఈ శాఖ పెట్టి ఎన్నేళ్లయింది?" అంది రోండా.

"నాలుగనుకుంటా."

"ఒక్కసారైనా పలికారా?"

"వచ్చారు పాపం, ప్రతి ఏడూ. భోజనాలకి అందుకునేవాళ్లు."

"బోర్లా పెట్టిన పలక ముందు కూచుని తిన్నారన్నమాట. గిన్నెలకి చోటు కోసం దాన్నే అటూ ఇటూ జరుపుకుంటూ."

మేడమ్ వంగి, కోల్బీ వెలిగించిన కొవ్వొత్తి ఒకటి తీసుకుని ఆర్పింది, మళ్లీ వెలిగించింది.

రోండా పలకను ఒడిలో పెట్టుకుని కుర్చీలో కూలబడింది. రోజంతా నిలబడి చేసే పని, మోకాళ్లు లాగుతున్నాయి. చెయ్యి మాత్రం ఆ గీతల మీదే తిరుగుతోంది.

"మేడమ్, ఒకటి అడుగుతాను. పేర్లు పిలవడం ఎంతసేపట్లో అయిపోవాలో రూల్సులో ఉందా?"

"లేదు. అరగంటలో అయిపోతుంది ఎప్పుడూ."

"ఎప్పుడూ సంగతి కాదు. రూలుందా?"

"లేదు."

"పలికిన శాఖవాళ్లు ఎంతసేపు మాట్లాడాలో?"

వాసెక్ మేడమ్ కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుంది. "అదీ లేదు," అంది. కోల్బీ, టెస్సా అప్పటికి కొవ్వొత్తుల పెట్టె మోసుకుంటూ వేదిక వైపు వెళ్లిపోయారు. మేడమ్ గొంతు తగ్గించింది. "నువ్వు కూడా నిలబడుతున్నావు కదా రోండా."

"నిలబడుతున్నాను."

"తెలిసే అడుగుతున్నావా?"

"తెలియకపోతే బావుండేది మేడమ్," అని రోండా లేచి, పలకను ఆఖరి బల్ల దగ్గర స్టాండులో నిలబెట్టింది. అది కొంచెం పక్కకి వాలింది. కాగితం మడిచి కింద దోపి సరిచేసింది.

*

శుక్రవారం అయిదింటికి హాలు నిండింది. బస్సుల్లో, వ్యానుల్లో వచ్చినవాళ్లు కోట్లు కుర్చీలకి తగిలించి, ఒకరినొకరు పలకరించుకుంటూ గోల గోలగా ఉన్నారు. వంటింటి తలుపు తెరుచుకున్నప్పుడల్లా కోడిమాంసం కాల్చిన వాసన వచ్చి అందరి తలలూ అటు తిరుగుతున్నాయి. ఆఖరి బల్ల దగ్గర ఎవరూ లేరు.

రోండా మైకు ముందు నిలబడింది. "బ్లఫ్ రోడ్!"

బ్లఫ్ రోడ్ వాళ్లు లేచి బల్లలు డప్పుల్లా వాయించి, పలక ఊపి తమ నినాదం అరిచారు. హాలంతా చప్పట్లు. వాళ్లు కూర్చోబోయారు.

"ఉండండుండండి," అంది రోండా. "ఇంకోటి అడగాలి. మీతో రావలసి ఉండి, పని ఉండి రాలేకపోయినవాళ్లెవరైనా ఉన్నారా? వాళ్ల పేరు చెప్పండి. ఇప్పుడు ఏం చేస్తుంటారో కూడా చెప్పండి."

హాలు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుంది. ప్రోగ్రాంలో అది లేదు. చివరికి ఒక అమ్మాయి జంకుతూ మైకు అందుకుంది. "డెనీస్. వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. ఈపాటికి ఎవరికో సూపు తాగిస్తూ ఉంటుంది. ఆయన ఉమ్మేస్తాడట రోజూ."

నవ్వులు. "ఇంకెవరు?" అంది రోండా.

"ఇంకా... రాఫె. ట్రక్కులకి సరుకెక్కిస్తాడు."

"ఏం సరుకు?"

"కుక్కల తిండి."

రెండో శాఖ పలికింది. మూడోది పలికింది. రోండా ఎవర్నీ తొందరగా కూర్చోనివ్వలేదు. శాండ్‌హిల్స్ శాఖ నుంచి టోపీ పెట్టుకున్న కుర్రాడు లేచి, "మా అధ్యక్షురాలే రాలేదండి. ఆవులు ఈనుతున్నాయి," అనేసరికి హాలు గొల్లుమంది.

"ఎన్ని ఈనాయి?"

"నేను బయల్దేరేటప్పటికి కవల దూడలు అడ్డం తిరిగి ఉన్నాయి. ఈవిడ చెయ్యి లోపల పెట్టి ఉంది. నాకు టాటా చెప్పడానికి రెండో చెయ్యే ఊపింది."

నవ్వుతూనే ఉన్నారు గాని, తర్వాత లేచినవాళ్లు నవ్వించడానికి చెప్పడం లేదు. ఒకాయన, నెరిసిన గడ్డం, మైకు పట్టుకుని, "మా ఆవిడ," అని ఆగాడు. "మార్కులు నాకన్నా తనకే ఎక్కువ. పిల్లల్ని చూసుకోడానికి ఒకరుండాలి కదా. చీటీ వేసుకున్నాం. నేను గెలిచాను." కూర్చున్నాక కూడా మైకు ఇవ్వడం మరిచిపోయి చేతిలోనే పట్టుకున్నాడు.

హోటలు మేనేజరు తలుపు దగ్గర నిలబడి చేతి గడియారం చూపిస్తున్నాడు. కోల్బీ వేదిక పక్కనుంచి రోండా చెవి దగ్గరికి వచ్చాడు.

"ఏం చేస్తున్నావు నువ్వు? చికెన్ ఎండిపోతోందట."

"పేర్లు పిలుస్తున్నాను."

"ఇలా పిలిస్తే తెల్లారుతుంది."

"తెల్లారక్కర్లేదు. ఆరున్నర దాటితే చాలు."

కోల్బీ ఆఖరి బల్ల వైపు చూశాడు. తర్వాత రోండా వైపు చూశాడు. "నీకు పిచ్చా? వాళ్లు రాకపోతే నీకు ఎదురే లేదు."

"తెలుసు. పక్కకి తప్పుకో, కాటన్‌వుడ్‌ని పిలవాలి."

తన శాఖని తనే పిలిచింది. తనకి ఓటెయ్యడానికే వచ్చిన మనుషులు లేచి పలికారు. వాళ్లలో ఒకరిద్దరు అప్పటికే సంగతి పసిగట్టినట్టు ఆమెను చూపులతో అడుగుతున్నారు. రోండా ఆ చూపుల్ని దాటి, "రాలేకపోయినవాళ్లు?" అంది. వాళ్లు చెప్పారు.

కోల్బీ తప్పుకోలేదు. ఒక్క క్షణం బూటు ముందుకీ వెనక్కీ ఊపి, మైకు లాక్కున్నాడు. "అధ్యక్షుడి హోదాలో ఒక ఫిర్యాదు. ఇందాక బ్లఫ్ రోడ్ నినాదంలో ఊపు లేదు. మళ్లీ వినాలి." బ్లఫ్ రోడ్ వాళ్లు మళ్లీ అరిచారు. "మూడో లైను తప్పారు. మళ్లీ!" వాళ్లు రొట్టెముక్కలు విసిరారు అతని మీద. ఒకటి పట్టుకుని తినబోయి, ఎవరూ తినకూడదని గుర్తొచ్చి జేబులో పెట్టుకున్నాడు.

అయినా పేర్లు అయిపోయాయి. కిటికీ బయట దీపాలు వెలిగాయి. వ్యాను జాడ లేదు. మిగిలింది ఒక్క పేరు. మూడుసార్లు పిలవాలి, అది రూలు.

"రెడ్ విల్లో," అంది రోండా.

ఎవరూ పలకలేదు. ఆమె నీళ్ల గ్లాసు ఎత్తి, ఒక్కో గుక్కా తాగింది. గ్లాసు అయిపోయింది. కింద పెట్టింది.

"రెడ్ విల్లో."

వాసెక్ మేడమ్ ముందు వరసలో కళ్లజోడు తుడుచుకుంటోంది. ఒక అద్దం అయ్యాక రెండోది. మూడోసారి పిలవడానికి రోండా నోరు తెరిచింది.

"ఒక్క నిమిషమండి!" శాండ్‌హిల్స్ కుర్రాడు లేచి టోపీ తీశాడు. "మావాళ్ల పేరొకటి మర్చిపోయాను. మెర్ల్. కంచెలు వేస్తాడు."

"చెప్పు," అంది రోండా.

"ఎలాంటి కంచెలంటే..." అని అతను మొదలుపెట్టాడు. చాలా రకాల కంచెలున్నాయి. అతను ఊపిరి తీసుకునేలోపల గడ్డం ఆయన లేచాడు, తన భార్య పొద్దున్నుంచి ఏమేం చేసి ఉంటుందో చెప్పడానికి. ఆయన వెనక ఇంకో అమ్మాయి నిలబడింది. ఆమె వెనక ఇంకొకరు. ఎవరూ వంటింటి వైపు చూడడం లేదు. అందరి తలలూ వీధి తలుపు వైపే ఉన్నాయి.

తలుపు తోసుకుని హోదన్ వచ్చింది. వెనక ఆరుగురు. పరుగెత్తి వచ్చి ఒగరుస్తున్నారు. ఒకతని కాళ్లకి ఇంకా రబ్బరు బూట్లే ఉన్నాయి. హోటలు మేనేజరు తనకి తెలియకుండానే తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"రెడ్ విల్లో," అంది రోండా మూడోసారి.

హోదన్ ఆఖరి బల్ల దాకా నడిచి కర్ర పట్టుకుని పలక పైకెత్తింది. "ఉన్నాం," అంది. వాళ్లకి నినాదమంటూ ఏమీ లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు.

"పని వల్ల రాలేకపోయినవాళ్లెవరైనా ఉన్నారా?" అంది రోండా. అందర్నీ అడిగింది కాబట్టి వాళ్లనీ అడిగింది.

హోదన్ తన మనుషుల్ని ఒక్కొక్కరినీ చూసుకుంది. ప్రశ్న ఎందుకడిగారో ఆమెకి తెలియదు.

"ఎవరూ లేరండి," అంది. "అందరం వచ్చేశాం."

చప్పట్లు ఎంతసేపు మోగాయో. ఆ రాత్రి చికెన్ చెప్పుతోలులా ఉంది. ఎవరూ వదల్లేదు.

*

శనివారం మధ్యాహ్నం ఓట్లు. శాఖకొక ఓటు, పలక ఎత్తి చూపాలి. ముందు రోండా మాట్లాడింది. వచ్చే ఏడాది చేయదలచినవి వరసగా, తడబడకుండా చెప్పింది. బాగానే మాట్లాడానని ఆమెకే తెలిసింది. తర్వాత హోదన్ మాట్లాడింది. పెద్దగా ఏమీ చెప్పలేదు. నిన్న మూడోసారి పిలిచేదాకా మీరంతా ఆకలితో కూచున్నారని భోజనాల దగ్గర ఎవరో చెబితే తెలిసిందనీ, తను అధ్యక్షురాలైతే పనికి పోయేవాళ్లకి అందేలా వేళలు పెడతాననీ అంది. కూర్చుంది.

రోండా పేరుకి కాటన్‌వుడ్ పలక లేచింది. ఇంకో నాలుగు లేచాయి. హోదన్ పేరుకి శాండ్‌హిల్స్ లేచింది, ఆ పక్కది లేచింది, ఆ వెనకది లేచింది. ఎవరి కళ్లూ రోండా కళ్లతో కలవడం లేదు. కోల్బీ బ్లఫ్ రోడ్ కర్రని రెండు చేతులా పట్టుకుని పైకెత్తాడు. అతని ముఖం పలక వెనక ఉంది.

రోండా అందరితోపాటు చప్పట్లు కొట్టింది. తర్వాత నడవాలోకి వెళ్లి, ఐసు మిషను పక్కన నిలబడి లోయిస్‌కి ఫోను చేసింది.

"గెలిచావా?"

"లేదు."

"వెధవలు."

"వెధవలేం కాదు."

"నాకు నచ్చినట్టు తిట్టుకోనీ. మరి టీచరు సంగతో?"

రోండా మిషనులో ఐసు జారి పడుతున్న చప్పుడు విన్నది. కళ్లు తుడుచుకుంది. "ఒక్కో సబ్జెక్టే కట్టుకుంటూ పోతాను. ఆలస్యమవుతుంది. అంతే."

"అప్పటికి నేనుంటానో ఉండనో."

"ఉండాలి. నీ జుట్టుతోనే నా ఫీజు కట్టాలి."

"అయితే ఈ బుధవారం రంగు కూడా వెయ్యి," అంది లోయిస్.

ఫోను పెట్టేసి తిరిగేసరికి హోదన్ నిలబడి ఉంది. ఎప్పట్నుంచి నిలబడిందో. చేతుల్లో రెండు పళ్లేల్లో కేకు ఉంది. ఒకటి రోండాకి ఇచ్చింది. ఇద్దరూ గోడకి ఆనుకుని తిన్నారు.

"మీరు ఎందుకలా చేశారో నాకు..." అని హోదన్ మొదలుపెట్టింది.

"కేకు తిను ముందు."

హోదన్ తిన్నది. "నాకు మీటింగులు నడపడం రాదండి. మా శాఖలో ఏడుగురం, బల్ల చుట్టూ కూచుంటే అదే మీటింగు. మీరు ఇంకో ఏడు ఉపాధ్యక్షురాలిగా ఉంటారా? అడక్కూడదేమో. మీకు కోపం ఉంటే..."

"ఉంది కొంచెం," అంది రోండా. "నీ మీద కాదులే." ఫోర్కుకి అంటిన మీగడ నాకింది. రోజూ మధ్యాహ్నం షాపులో ఖాళీయే ఉంటుంది, ఆడవాళ్లు భోజనాలకి పోతారు. "మీ ఫ్యాక్టరీలో భోజనానికి ఎంతసేపు వదుల్తారు?"

"అరగంట. అందులో గౌను విప్పి, చేతులు కడుక్కోవడానికే సగం పోతుంది."

"అంటే పావుగంట."

"ఆ. పావుగంట."

రోండా ఖాళీ పళ్లేలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టింది.

"సరిపోతుంది," అంది. "మన ఫోను మీటింగు ఆ పావుగంటలోనే. కోల్బీ ఉండడు కాబట్టి అయిపోతుంది."